కోపం పోయాక వచ్చిన ఏడుపు

మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. మా మోర్తాడ్‌లో ఇదేం విశేషం కాదు, ఏ వాడకు పోయినా గల్ఫ్‌లో ఉన్నవాళ్ల ఇళ్లు కనిపిస్తాయి. ఆడవాళ్లందరూ ఫోన్ కోసం ఎదురుచూస్తారు. నేను మాత్రం వేటాడేదాన్ని. ఒకరోజు ఆయన ఎత్తకపోతే గంటలో 42 సార్లు చేశాను. ఎత్తగానే నోటికొచ్చినన్ని మాటలన్నాను. పెట్టేసిన మరుక్షణం "నన్ను ఇడిచిపెట్టకు" అని ఏడుస్తూ మెసేజ్ పెట్టాను. ఇంతకీ పాపం ఆయన చేసిందల్లా డ్యూటీలో ఉండడమే.

అత్తమ్మ బీడీలు చుడుతూనే "గాలి సోకింది" అని తేల్చి తాయెత్తు కట్టించింది. మా అమ్మేమో "చిన్నప్పటి సంది గింతే, మొండిది" అంది. ఎడమచేతి మీద నేనే చేసుకున్న గాట్లు గాజుల చాటున ఉండేవి. చివరికి నిజామాబాద్‌లో ఒక డాక్టర్ గారు ఓపిగ్గా అన్నీ అడిగి దాని పేరు చెప్పారు: బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. వదిలేస్తారేమోనన్న భయం, పొద్దున దేవుడిలా కనబడ్డ మనిషి సాయంత్రానికి శత్రువైపోవడం, లోపలంతా ఖాళీ. ఆయన చెప్తుంటే మా ఇంట్లో కూర్చుని చూసినట్టే అనిపించింది. దీనికంటూ ప్రత్యేకమైన మాత్ర లేదు, మాటల చికిత్సే అసలు మందు అని సైకాలజిస్టు మేడమ్ దగ్గరికి పంపారు.

వారం వారం పోవాలి. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది కాబట్టి పోగలిగాను, అది ఒప్పుకోవాలి. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని, ఆర్మూర్ మీదుగా నిజామాబాద్.

మేడమ్ ఒక కార్డు ఇచ్చారు. కోపం, భయం, బాధ, సిగ్గు, సంతోషం, రోజూ ఒక్కోదానికి 0 నుంచి 5 దాకా అంకె వెయ్యాలి. మొదట్లో కోపం తప్ప అన్నీ సున్నాలే. రెండో పని, జరిగింది ఒక వైపు, నేను అనుకున్నది ఇంకో వైపు రాయడం. ‘ఫోన్ ఎత్తలేదు’ జరిగింది. ‘నన్ను వదిలేశాడు’ నేను అనుకున్నది. మరీ పొంగుకొచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి చల్లటి నీళ్లలో ముఖం ముంచమన్నారు. అలా చేస్తే గుండె వేగం తగ్గుతుందట (గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా చెయ్యొద్దు). నాకు పనిచేసింది.

ఈ పద్ధతిని తయారుచేసినావిడ అమెరికాలోని మార్షా లైనహన్. 17 ఏళ్ల వయసులో ఆమె కూడా తనను తాను గాయపరచుకుని రెండేళ్లకు పైగా ఆసుపత్రిలో ఉన్నారు. ఆ సంగతి 2011లో బయటికి చెప్పారు. అది విన్న రోజు తాయెత్తు తీసేశాను. అత్తమ్మకు చెప్పలేదు.

ఆరేడు నెలలకు కోపం అంకె తగ్గింది. ఇల్లు ప్రశాంతమైంది, అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం ఏడవడం మొదలుపెట్టాను. పప్పు తాలింపు పెడుతూ, బట్టలు ఆరేస్తూ. ఒకసారి ఆర్మూర్ దాటాక బస్సులో ఆగలేదు. పక్కనున్న పెద్దామె నీళ్ల సీసా ఇచ్చి, "ఎవరన్న పోయిన్రా బిడ్డా?" అంది. "అవునమ్మా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"మీ మందు తిరగబడింది మేడమ్, ఆ కోపమే నయం" అని గొడవపెట్టుకున్నాను. నిజంగానే. కోపంలో బలం ఉంటుంది, ఏడుపులో ఏముంది? ఆమె నవ్వలేదు. "ఎవరు పోయారు?" అని మాత్రం అడిగారు.

మా బాపు మస్కట్‌లో పనిచేసేవాడు. రెండేళ్లకోసారి వచ్చి నెలన్నర ఉండేవాడు. నేను ఏడుస్తానని, నిద్రపోయాక వెళ్లిపోయేవాడు. తెల్లారి లేస్తే పక్కన అత్తరు వాసన వేస్తున్న దిండు ఉండేది, మనిషి ఉండేవాడు కాదు. అడిగితే "ఏడ్వకు, చాక్లెట్లు తెచ్చిండు గద" అనేవారు. అందుకే బాపు ఇంట్లో ఉన్నన్ని రోజులూ నిద్రపోకుండా ఉండాలని చూసేదాన్ని. మా అమ్మను తప్పుపట్టడం లేదు. నేను పుట్టుకతోనే పలచటి చర్మంతో పుట్టానేమో. మా చెల్లి కూడా అదే దిండు పక్కన లేచింది, దానికేం కాలేదు.

ఆ తర్వాత కార్డులో బాధ దగ్గర చాలా వారాలు 5 వేశాను. ఎప్పుడు 4 అయిందో గుర్తులేదు.

మొన్న సంక్రాంతికి ఆయన వచ్చారు. చేన్లల్లో పసుపు తవ్వే రోజులకు తిరుగు ప్రయాణం. శంషాబాద్‌కు పోయే కారు రాత్రి ఒంటిగంటకు వాకిట్లో ఆగింది. పాప నిద్రపోతోంది. నేను లేపబోతుంటే అత్తమ్మ చెయ్యి పట్టుకుంది.

"లేపకు బిడ్డా, ఆగమాగం ఏడుస్తది."

"ఏడ్వనీ అత్తమ్మా" అన్నాను.

లేపాను. ఏడ్చింది. ఆయన మెడ పట్టుకుని వదల్లేదు. డ్రైవర్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. కారు రోడ్డెక్కాక నా ఒళ్లో కూర్చుని, ముక్కు నా చీరకే తుడుచుకుంది. కార్డు సంగతి దానికి తెలుసు.

"మమ్మీ, నీకెంతుంది?"

"ఐదు. నీకు?"

చేతివేళ్లన్నీ చూపించింది. అత్తమ్మ ఏమీ అనకుండా లోపలికి పోయి, ఆ అర్ధరాత్రి ముగ్గురికీ చాయ్ పెట్టింది.