గంధర్వనగరం – ధౌతపటం

ఆకాశంలో మేడలూ ప్రాకారాలూ క్షణకాలం గోచరించి, చూస్తూండగానే అంతర్ధానమయ్యే దృశ్యాన్ని మన పెద్దలు గంధర్వనగరం అన్నారు. గౌడపాదాచార్యులు మాండూక్యకారికల వైతథ్యప్రకరణంలో జగత్తుకు స్వప్నంతోపాటు దీనిని కూడా దృష్టాంతంగా గ్రహించారు. పుష్యమాసపు ప్రాతఃకాలంలో మానేరు జలాశయపు పశ్చిమతీరాన, ఎలగందుల వైపు నిలిచి తూర్పునకు చూచినవారికి ఈ దృష్టాంతం సులభంగా బోధపడుతుంది. నీటిమీది పొగమంచులో కరీంనగరపు భవనాలు నిరాధారంగా నిలిచినట్లు తోస్తాయి.

ఉద్యోగవిరమణ చేసిన ఒక చిత్రలేఖనోపాధ్యాయుడు ఆ దృశ్యాన్ని తైలవర్ణాలలో చిత్రించ సంకల్పించాడు. ఈ సీమకు చిత్రకళ క్రొత్త కాదు. నిర్మల్ నకాషీల కొయ్యచిత్రాలు సుప్రసిద్ధం. 1915లో కరీంనగర్ జిల్లా అన్నవరంలో జన్మించిన పాకాల తిరుమలరెడ్డిగారు బొంబాయిలో చిత్రవిద్య నేర్చి, ఉత్తరవయస్సులో తాంత్రిక సంకేతాలను తమ చిత్రాలలో ఆవిష్కరించారు. అయితే ఈ ఉపాధ్యాయుని సంకల్పానికి హేతువు వేరు. 1974లో ఆరంభమై 1985లో పూర్తయిన దిగువ మానేరు ఆనకట్ట వలన ఆయన పుట్టిన పల్లె ముంపునకు గురయింది. ఆయనకూ ఆ నగరానికీ నడుమనున్న నీటి అడుగున ఆయన ఇంటి పునాది ఉంది.

ఒకనాడు ఆయన వేదాంతప్రవచనంలో జగత్తు గంధర్వనగరమని విని మనస్సు నొచ్చుకున్నాడు. కనబడే నగరమూ మిథ్య, మునిగిన ఊరూ మిథ్య అయితే ఈ దుఃఖం ఎవరిది? ఆ ప్రశ్నతోనే కుంచె పట్టాడు.

మొదట గుడ్డను చట్రానికి బిగించి, తెల్లని పూత పూసి ఆరనిచ్చాడు. బొగ్గుతో రేఖలు గీచాడు. పిమ్మట అధోభాగాన, నీరు ఉండవలసిన చోట, తన పల్లెను చిత్రించాడు: వేపచెట్టు, చేదబావి, పెంకుటిండ్లు, ఆంజనేయుని గుడి. అవిసెనూనె కలిసిన రంగు ఆవిరియై ఆరేది కాదు. గాలిలోని ప్రాణవాయువుతో కూడి మెల్లమెల్లగా గట్టిపడుతుంది. అందుకు దినాలు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. ఆయన వేచియుండి, ఆరిన పల్లెపై పలుచని నీలధూసరవర్ణాన్ని పొరలుపొరలుగా పూసి జలం చేశాడు. పైన, దూరపు మేడల అంచులను మెత్తబరచి, వర్ణగాఢతను తగ్గించి, నీలిమను కొంచెం పెంచాడు. మంచును వేరుగా చిత్రించే అవసరమే రాలేదు.

కుమారుడు చూచి, "గంత కష్టపడి గీసి మల్ల కప్పేసినవేంది బాపూ?" అన్నాడు.

"కప్పిన గని చెరపలేదు బిడ్డా" అన్నాడాయన.

విద్యారణ్యస్వామి పంచదశిలోని చిత్రదీపప్రకరణంలో పటానికి నాలుగవస్థలు చెప్పారు. ఉతికినది ధౌతం, గంజి పెట్టినది ఘట్టితం, రేఖలు గీచినది లాంఛితం, రంగులు నింపినది రంజితం. ఇవి క్రమంగా చిత్, అంతర్యామి, సూత్రాత్మ, విరాట్ అనే అవస్థలకు ఉపమానాలు. అవస్థలు నాలుగైనా గుడ్డ ఒక్కటే. మిథ్య అంటే కుందేటికొమ్మువలె బొత్తిగా లేనిదని అర్థం కాదు. అధిష్ఠానాన్ని విడిచి తనంత తాను నిలువలేనిదని అర్థం. మంచులోని నగరానికి ఏ గుడ్డ ఆధారమో, నీటిక్రింది పల్లెకూ అదే ఆధారం. కనబడినంతమాత్రాన నగరం ఎక్కువ సత్యం కాలేదు. కప్పబడినంతమాత్రాన పల్లె తక్కువ సత్యం కాలేదు. శాస్త్రం ఆయన దుఃఖాన్ని త్రోసిపుచ్చలేదు. దానికి నిలువనీడ చూపింది.

తైలవర్ణం కాలక్రమంలో పారదర్శకమవుతుంది. పాశ్చాత్యుల పాతచిత్రాలలో, ఒకప్పుడు కప్పివేసిన రూపాలు శతాబ్దాల తరువాత పైకి తేలిన సందర్భాలున్నాయి. ఆ ఉపాధ్యాయునికి ఈ సంగతి తెలుసు. పటం ఇప్పుడు ఆయన ఇంటి గోడమీద ఉంది. చూడవచ్చినవారు మంచునూ మేడలనూ మెచ్చుకొంటారు. ఆయన చూపు మాత్రం చట్రపు వెనుకకు మడిచిన అంచున, ఏ రంగూ తగలని గుడ్డమీద నిలుస్తుంది.

ఇతి శివమ్.