టై మీద ఎర్రచారలు

ముఖం మసక చేశాం. పేరు మార్చాం. ఊరు పేరు రాయలేదు. ఇంకేం కావాలి అనుకున్నాను.

2016 డిసెంబరు ఒకటి, ఎయిడ్స్ దినం. ఉద్యోగానికి నేను కొత్త. కోస్తాలో ఓ పల్లె. అమ్మానాన్నా పోయి, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న నాలుగో తరగతి పాప. పుట్టుకతోనే హెచ్ఐవీ. 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న ఏఆర్‌టీ మందులు వేళ తప్పకుండా వేసుకుంటోంది. 'అందరితోపాటే చదువుకుంటోంది చూడండి' అని చెప్పాలనే రాశాను. మెచ్చుకుంటూ ఫోన్లు వచ్చాయి.

వారానికి అమ్మమ్మ ఫోన్.

"అమ్మాయ్, ఫొటోలో టై ఉందిగా. ఎర్రచారల టై మా మండలంలో ఒక్క బడికే."

ఆ బళ్లో అమ్మమ్మ చెయ్యి పట్టుకుని వచ్చే పిల్ల ఎవరో పోల్చుకోవడం ఎంతసేపు! బెంచీ వేరైంది, గ్లాసు వేరైంది. సంక్రాంతి సెలవులయ్యాక పాప బడికెళ్లనంది.

పరుగెత్తుకెళ్లాను. హెడ్మాస్టరు చెడ్డవాడేం కాదు. "నాకేం భయం లేదండీ, మిగతావాళ్లు పిల్లల్ని మాన్పించేస్తామంటున్నారు" అన్నారు. తల్లులతో మాట్లాడాను. తాకితే రాదు, పక్కన కూర్చుంటే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు అని చెప్పాను.

"మరి పడి దెబ్బ తగిలి రక్తమొస్తే?" అందొకావిడ.

సరైన ప్రశ్నే. ఏ పిల్ల రక్తమైనా సరే, టీచరు చేతికి గ్లవ్స్ వేసుకుని కడిగి కట్టు కట్టాలి. ఆ పద్ధతి అందరికీ ఒకటే అయితే, ఎవరికి ఏముందో బడికి తెలియక్కర్లేదు. ఆవిడకి చెబుతూంటేనే నాకు వెలిగింది. నేను రాయకముందు నాలుగేళ్లు ఆ పిల్లలంతా ఒకే బెంచీ మీద కూర్చున్నారు, టిఫిన్లు పంచుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. తెలిశాకే అయింది, అదీ పాపకి.

మరో మూడు నెలలకు, 2017 ఏప్రిల్లో, పార్లమెంటు హెచ్ఐవీ చట్టం చేసింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్ఐవీ ఉందని చదువు నిరాకరించకూడదు. ఒకరి సంగతి వాళ్ల సమ్మతి లేకుండా బయటపెట్టకూడదు. అమ్మమ్మ సరేనంది కదా అని చాన్నాళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ సరే అన్నప్పుడు టై సంగతి ఆవిడకి తట్టలేదు. నాకు తట్టాల్సింది.

టీసీ తీసుకుని పాప వేరే ఊళ్లో చదివింది. అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కాలేజీ. మొన్న ఆ కబురు చెప్పడానికి అమ్మమ్మే ఫోన్ చేసింది. అప్పటి నా తప్పు రాసుకోనా అని భయపడుతూనే అడిగాను. పాపనీ అడిగి, మర్నాడు చెప్పింది.

"రాసుకో తల్లీ. ఈసారన్నా ఆ చారల రంగు మార్చు."

మార్చాను. తరగతి కూడా.