హార్బా వస్తాడా?

2014 డిసెంబరులో మా మిషిగన్ రాష్ట్రంలో ఎవరిని కదిపినా ఇదే ప్రశ్న. శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ కోచ్ జిమ్ హార్బా ఆ ఉద్యోగం వదిలేసి, తాను చదువుకున్న మిషిగన్ యూనివర్సిటీకి కోచ్‌గా వస్తాడా, రాడా? ఆఫీసులో మీటింగు మొదలయ్యే ముందు అదే మాట. పిల్లల బాస్కెట్‌బాల్ ప్రాక్టీసు దగ్గరా, కాంటన్ గుడి పార్కింగ్ లాట్‌లోనూ అదే మాట. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం. పిల్లలు ఇక్కడి బళ్లలో చదువుతుంటే ఆన్ ఆర్బర్‌లోని ఆ యూనివర్సిటీ జట్టు గెలుపోటములు మన ఇంట్లోకీ వచ్చేస్తాయి. మా ఇంట్లోకీ వచ్చాయి.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకన పెట్టుకుని పరిగెడుతూ, తలకు హెల్మెట్లు పెట్టుకుని ఆడే ఆట. దేశం మొత్తానికి ప్రొఫెషనల్ జట్లు 32. అందులో ఒకదానికి హెడ్ కోచ్ కావడమంటే ఆ వృత్తిలో శిఖరానికి చేరినట్టే. హార్బా ఫార్టీనైనర్స్‌తో నాలుగు రెగ్యులర్ సీజన్లలో 44 మ్యాచ్‌లు గెలిచాడు. 2013 ఫిబ్రవరిలో ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా వెళ్లి, సొంత అన్న జాన్ కోచ్‌గా ఉన్న బాల్టిమోర్ చేతిలో 34-31తో ఓడాడు. అంతటివాడు కాలేజీ కుర్రాళ్లకు ఆట నేర్పడానికి ఎందుకొస్తాడని టీవీలో నిపుణులు గట్టిగానే అడిగారు. ఓక్లాండ్ రైడర్స్‌కు వెళతాడన్నారు, షికాగో అన్నారు. మిషిగన్ అభిమానులది ఉత్త ఆశ అన్నారు.

ఆ ఆశకు పునాదులు మాత్రం గట్టివే. హార్బా తండ్రి జాక్ 1970లలో మిషిగన్ కోచ్ బో షెంబెక్లర్ దగ్గర అసిస్టెంట్ కోచ్. పిల్లాడిగా జిమ్ ఆ మైదానం చుట్టూనే తిరిగాడు. స్టేడియానికి ఎదురుగా ఉన్న పయొనీర్ హైస్కూల్లో కొంతకాలం చదివాడు. తర్వాత అదే జట్టుకు, బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. 1986లో మిన్నెసోటా చేతిలో ఓడిన వెంటనే, చిరకాల ప్రత్యర్థి ఒహాయో స్టేట్‌ను వాళ్ల కొలంబస్‌లోనే ఓడించి తీరతామని పత్రికలవాళ్ల ముందు మాటిచ్చాడు. 26-24తో ఓడించాడు. మా ఆఫీసులో నా పక్కన కూర్చునే పెద్దాయన ఆ మ్యాచ్ కథ చెప్పినప్పుడల్లా ఆయన గొంతు మారిపోయేది.

ఆయన నాతో అన్న మాట గుర్తుంది. “అతను మనవాడు. పిలిస్తే వస్తాడు.”

“2011లో పిలిచినా రాలేదు కదండీ,” అన్నాను. ఆ జనవరిలో అప్పటి కోచ్ రిచ్ రోడ్రిగెజ్‌ను తీసేసినప్పుడు కూడా అందరూ హార్బా పేరే తలిచారు. అతను స్టాన్‌ఫర్డ్ నుంచి నేరుగా ప్రొఫెషనల్ ఆటకు వెళ్లిపోయాడు.

“అప్పుడు చూడాల్సింది మిగిలి ఉంది. ఇప్పుడు చూసేశాడు,” అన్నాడాయన.

2014 సీజన్ ఎంత చేదుగా గడిచిందో అనుభవించినవాళ్లకే తెలుసు. లక్షా ఏడువేల మంది పట్టే స్టేడియంలో జనం పలచబడ్డారు. తలకు దెబ్బ తగిలి తూలుతున్న కుర్రాణ్ణి మళ్లీ ఆటలోకి పంపారని సెప్టెంబరు చివర విద్యార్థులు యూనివర్సిటీ ప్రెసిడెంట్ ఇంటిముందు చేరి నిరసన చేశారు. అక్టోబరు 31న అథ్లెటిక్ డైరెక్టర్ డేవ్ బ్రాండన్ రాజీనామా చేశాడు. 5 గెలుపులు, 7 ఓటములతో సీజన్ ముగిశాక, డిసెంబరు 2న కోచ్ బ్రేడీ హోక్‌ను తీసేశారు. ఆ రోజు నుంచీ రాష్ట్రం మొత్తం కాలిఫోర్నియా వైపే చూసింది.

అప్పుడు మావాడు పదకొండో తరగతి. రాత్రిపూట హోంవర్క్ పక్కనపెట్టి, ప్రైవేటు విమానాలు ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎగురుతున్నాయో చూసేవాడు. “నాన్నా, బే ఏరియా నుంచి ఒకటి డెట్రాయిట్ వైపు వస్తోంది!” అని పరిగెత్తుకొచ్చేవాడు. అలా చూసేవాళ్లు రాష్ట్రంలో వాడొక్కడే కాదు. మరో ఊళ్లో అయితే పిచ్చి అనేవాళ్లేమో. తాము పెంచుకున్న మనిషి పెద్ద పదవి వదిలి తమ కోసం వస్తాడని ఒక ఊరు నమ్మడంలో నాకు గొప్ప ప్రేమే కనిపించింది. పరాయి ఊళ్లో బతుకుతున్నవాణ్ణి కాబట్టి నాకది ఇంకొంచెం తొందరగా తాకింది.

ఆ ప్రేమలో క్షమ కూడా ఉంది. 2007లో స్టాన్‌ఫర్డ్ కోచ్‌గా ఉన్నప్పుడు హార్బా, మిషిగన్‌లో ఆటగాళ్లను తేలికపాటి చదువుల వైపు నెడతారని బహిరంగంగా విమర్శించాడు. అతను అసలు మిషిగన్ మనిషే కాడని అప్పటి స్టార్ ఆటగాడు మైక్ హార్ట్ మండిపడ్డాడు. అదే మైక్ హార్ట్ 2021లో హార్బా కిందే కోచ్‌గా చేరాడు.

డిసెంబరు 28న ఫార్టీనైనర్స్‌తో తెగిపోయింది. 30న ఆన్ ఆర్బర్‌లో అతన్ని కోచ్‌గా పరిచయం చేశారు. ఏడేళ్ల ఒప్పందం, ఏడాదికి 50 లక్షల డాలర్లు. పాత ఒప్పందంలో కూడా దాదాపు అంతే. డబ్బు కోసం రాలేదని మా పెద్దాయన ఆ వారమంతా అందరికీ చెప్పుకుని తిరిగాడు.

అంత సంతోషంలోనూ నన్ను ఒక విషయం పట్టుకుంది. నెలరోజుల ఊహల్లో మేమెవరమూ ఆ జట్టు కుర్రాళ్ల పేరెత్తలేదు. హోక్ వాళ్ల ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రుల ముందు కూర్చుని, మీ అబ్బాయిని నేను చూసుకుంటానని ఒప్పించి తెచ్చుకున్న పిల్లలు వాళ్లు. ప్రొఫెషనల్ ఆటలో కోచ్ మారితే ఆటగాడికి జీతం ఉంటుంది, ఏజెంటు ఉంటాడు. కాలేజీలో అప్పట్లో పద్దెనిమిదేళ్లవాడికి ఉండేది స్కాలర్‌షిప్పు, కోచ్ ఇచ్చిన మాట, అంతే. కోచ్ వెళ్లిపోతే ఆ మాటా పోయినట్టే.

మా వీధి చివరి ఇంటి అబ్బాయికి అలాగే జరిగింది. వేరే రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీలో ఆడేవాడు. చేర్చుకున్న కోచ్ మరుసటి ఏడాదే ఇంకో జట్టుకు వెళ్లాడు. కొత్తాయనకు ఈ పిల్లాడి ఆటతో పని లేదు. వేరే చోటికి మారితే అప్పటి నియమం ప్రకారం ఏడాదంతా ఆడకుండా కూర్చోవాలి. వదిలి వెళ్లిన కోచ్‌కు ఏ నిరీక్షణా లేదు, మర్నాడే కొత్త టోపీ పెట్టుకున్నాడు. వాళ్లమ్మ ఈ సంగతి చెబుతుంటే నాకు మాట రాలేదు. ఆ రోజుల్లో నేను హెచ్-1బీ వీసా మీద ఉంటూ గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాను. కంపెనీ మారాలంటే కొత్తవాళ్లు లేబర్ సర్టిఫికేషన్ మళ్లీ మొదటి నుంచి చేయించాలి. మేనేజర్లు వచ్చేవారు, పోయేవారు. నేను మాత్రం కదలకూడదు. ఆ అబ్బాయి పరిస్థితి నాకు ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

జట్టు మారిన ఆటగాడు ఏడాది కూర్చోవాలన్న ఆ నియమం 2021 ఏప్రిల్‌లో మారింది. ఒకసారి మారినా ఏడాది కూర్చోనక్కర్లేదన్నారు. తర్వాత ఆ ఒకసారి అన్న పరిమితి కూడా పోయింది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చు. దీనివల్ల కాలేజీ ఆట పాడైపోయిందని మా పెద్దాయన ఇప్పటికీ బాధపడతాడు. జట్టు మీద విశ్వాసం పోయిందంటాడు. ఆయనంటే నాకెంతో గౌరవం, కానీ ఈ ఒక్క విషయంలో ఒప్పుకోను. కోచ్‌కు లేని కట్టుబాటు కుర్రాడికెందుకు?

హార్బా తొమ్మిదేళ్లున్నాడు. 2021లో ఒహాయో స్టేట్‌ను 42-27తో ఓడించిన రోజు మంచు కురుస్తుండగా జనం మైదానంలోకి దూకారు. 2023 సీజన్లో 15కి 15 గెలిచి జాతీయ ఛాంపియన్లయ్యారు. అదే సీజన్లో నియమాల ఉల్లంఘన ఆరోపణలతో రెండు విడతలుగా ఆరు మ్యాచ్‌లకు అతను దూరంగా ఉండాల్సి వచ్చింది. అది చిన్న మచ్చ అని నేననను. 2024 జనవరిలో లాస్ ఏంజెలెస్ ఛార్జర్స్‌కు కోచ్‌గా తిరిగి ప్రొఫెషనల్ ఆటకు వెళ్లాడు. మావాళ్లలో కొందరు ద్రోహమన్నారు. పని కోసం పుట్టిన ఊరు వదిలి వచ్చినవాణ్ణి, నా నోట ఆ మాట రాదు. రావడం అతని హక్కు, వెళ్లడమూ అతని హక్కే.

అమెరికాలో మీ పిల్లలు చదివే యూనివర్సిటీలోనూ ఏదో ఒక చలికాలంలో ఈ ఊహల సందడి మొదలవుతుంది. ఏ పెద్ద కోచ్ వస్తాడో మీరూ సంబరంగా ఊహించండి. వెళ్లిపోయే పాత కోచ్ మాట నమ్మి ఆ ఏడాది చేరిన కుర్రాళ్లెవరో, వాళ్లేమయ్యారో కూడా ఒకసారి కనుక్కోండి.