రెండు చిల్లుల గ్యాస్కెట్

హెడ్ గ్యాస్కెట్‌ను చేతిలోకి తీసుకుంటే, ఇంత గొడవకీ కారణం ఇదేనా అనిపిస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటరు మందం. నాలుగు పెద్ద గుండ్రాలు, వాటి చుట్టూ నీళ్లకీ ఆయిల్‌కీ బోల్టులకీ బెజ్జాలు. ఒక చివర పట్టుకుంటే రెండో చివర వాలిపోతుంది. ఇంజన్ బ్లాకుకీ సిలిండర్ హెడ్‌కీ మధ్య నలుగుతూ, మంటను మంట ఉండాల్సిన చోట, నీళ్లను నీళ్ల దారిలో, ఆయిల్‌ను ఆయిల్ దారిలో ఉంచడం దాని ఉద్యోగం. అది చేతులెత్తేసిన రోజున రేడియేటర్‌లో బుడగలు లేస్తాయి, ఆయిల్ తెల్లబడి చిక్కబడుతుంది, సైలెన్సర్ తెల్లపొగ వదులుతుంది. గ్యాస్కెట్ ధర పెద్దదేం కాదు. దాని దాకా చేరడానికి హెడ్ దించే కూలీ పెద్దది. అందుకే హెడ్ దించిన ప్రతివాడూ అదే కోరిక కోరతాడు: ఈసారి పోనిది వేయండి.

మా బావ కూడా అదే కోరాడు. ఆయనది 2000ల తొలి ఏళ్లలో మన రోడ్ల మీదకొచ్చిన ఆక్టేవియా, 1.9 లీటర్ల టర్బో డీజిల్. ఇప్పుడది విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో బానెట్ లేకుండా నిలబడి ఉంది. ఎప్పుడో ఇంజన్ కంప్యూటర్‌ను రీమ్యాప్ చేయించి టర్బో బూస్టు కాస్త పెంచుకున్నాడు. ఆ సంగతి మేస్త్రీకి మాత్రం తీరిగ్గా, ఇంజన్ విప్పాక చెప్పాడు.

టర్బో ఉన్న ఇంజన్‌లో గ్యాస్కెట్ మీద పడే భారం ఎంతో లెక్కేస్తే, అది పోవడం కాదు, ఉండడమే వింతగా తోస్తుంది. ఈ ఇంజన్ సిలిండర్ వ్యాసం 79.5 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 50 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం. డీజిల్ అంటుకున్న క్షణంలో లోపలి ఒత్తిడి 150 బార్ అనుకుంటే, హెడ్‌ను పైకి లేపడానికి ఏడున్నర టన్నుల బలం తన్నుతుంది. ఒక్కో సిలిండర్‌లో, ఇంజన్ 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 25 సార్లు. ఇది చాలదన్నట్టు కింద బ్లాకు పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుముకి రెండింతలు సాగుతుంది. పొద్దున బండి తీసినప్పుడు ఒకసారి, సాయంత్రం ఆపి చల్లారినప్పుడు ఒకసారి, బ్లాకూ హెడ్డూ ఒకదాని మీద ఒకటి జరుగుతూ మధ్యనున్న దాన్ని రాపాడిస్తాయి. ఏళ్ల తరబడి.

గట్టిది కావాలంటే రాగి రేకు ఉంది కదా అన్నాడు బావ, ఎక్కడో రేసుల వీడియో చూసి. చూసింది నిజమే. అమెరికాలో టాప్ ఫ్యూయల్ అనే డ్రాగ్ రేసు బళ్లకి రాగి గ్యాస్కెట్లే వేస్తారు. కానీ ఆ ఇంజన్ల బ్లాకులో నీళ్ల దారులే ఉండవు. వెయ్యి అడుగుల పరుగు నాలుగు సెకన్లలోపు అయిపోతుంది, వెంటనే ఇంజన్ మొత్తం విప్పేస్తారు. రాగి మంటను బ్రహ్మాండంగా ఆపుతుంది, నీళ్లను ఆపడంలోనే దాని బలహీనత. మనకి నీళ్లు కావాలి, ఏసీ వేసుకుని బెంజి సర్కిల్ దగ్గర అరగంట ఆగడం కావాలి, మళ్లీ పదేళ్లు హెడ్ ముట్టుకోకపోవడం కావాలి. ఆ బండికి తగిన గట్టిదనం వేరు, ఈ బండికి తగినది వేరు.

పాతకాలం గ్యాస్కెట్లు రాగి రేకుల మధ్య ఆస్‌బెస్టాస్ పెట్టి చేసినవి. తర్వాత గ్రాఫైట్ లాంటి మెత్తని పదార్థంతో వచ్చాయి. మెత్తనివి కాబట్టి ముఖాల మీద చిన్న చిన్న గీతలున్నా పూడ్చుకుని సర్దుకునేవి. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా పలుచని స్ప్రింగ్ ఉక్కు రేకులు పొరలుగా పేర్చినవి. బెజ్జాల చుట్టూ సన్నని గట్లు ఒత్తి, పైన రబ్బరు పూత పూస్తారు. హెడ్ వెంట్రుకవాసి లేచినా ఆ గట్టు స్ప్రింగులా లేచి ఖాళీని మూస్తుంది. టర్బోకి ఇదే సరైనదని నా నమ్మకం కూడా. అయితే దీనికి ముఖాలు నున్నగా ఉండాలి. మెత్తనిది క్షమించిన గరుకును ఇది క్షమించదు. పాత గ్యాస్కెట్ ముక్కలు వదలడం లేదని అసిస్టెంటు గ్రైండర్‌కి బఫ్ తగిలించి అల్యూమినియం హెడ్‌ను రుద్దాడంటే, మెరుపు వస్తుంది, దాంతోపాటు కంటికి కనపడని గుంటలూ వస్తాయి. ఆ మీదట ఎంత మంచి రేకు వేసినా ఒకటే. మార్కెట్లో అందరూ గ్యాస్కెట్ కంపెనీ పేరు గురించి వాదించుకుంటారు కానీ, స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి ఫీలర్ గేజ్ దూర్చి చూసేవాళ్లు తక్కువ. ఈ రేకు మీద సిలికాన్ పేస్టు పూసేవాళ్లని చూస్తే మాత్రం నాకు దిగులేస్తుంది. అంత జాగ్రత్తగా పూత పూసి, సీలు చేసి పంపిన దానికి మన వంతు వడ్డన!

గ్యాస్కెట్ గురించి ఇంకో వాదన ఉంది, బూస్టు పెంచి బళ్లతో ఆడుకునేవాళ్లది. పెట్రోల్ టర్బోల్లో నాకింగ్ మొదలైతే ఒత్తిడి ఒక్కసారిగా ఎగుస్తుంది, అప్పుడు ఏదో ఒకటి పోక తప్పదు, ఆ పోయేదేదో గ్యాస్కెట్ అయితే పిస్టన్ దక్కుతుంది, కనుక మరీ గట్టిది వేయకూడదు అని. మొదటిసారి విన్నప్పుడు వేళాకోళం అనుకున్నాను. తర్వాత ఒకటి గుర్తొచ్చింది: మా పాత ఇంట్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఎవరో లావు రాగితీగ చుట్టారు. ఫ్యూజు మళ్లీ పోలేదు, గోడలో వైరు కాలింది. ఆ లెక్కన చూస్తే, బావ కోరిన పోని గ్యాస్కెట్ వేస్తే ఆ తర్వాత పోయేదేమిటి? హెడ్డు? పిస్టన్? ఈ ప్రశ్న అడగకుండా గట్టిదనం కొనుక్కోవడం నాకు ఇష్టం లేదు.

అలాగని ఆ వాదన మొత్తం మింగుడుపడదు. ఫ్యూజు పోతే ఇల్లు చీకటవుతుంది, అంతే. గ్యాస్కెట్ అంత మర్యాదగా పోదు. నీళ్లు సిలిండర్‌లోకి దిగుతాయి. నీళ్లు నొక్కుకుపోయేవి కావు కాబట్టి, నిండిన సిలిండర్‌లో పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఎక్కడ పోతుందో, ఎప్పుడు పోతుందో మన చేతిలో లేనిదాన్ని కాపలాకి పెట్టుకోవడం ఏం తెలివి? కాపలా కావాలంటే బూస్టు తగ్గించుకోవాలి, టెంపరేచర్ ముల్లును చూస్తూ ఉండాలి. బావకి ఈ రెండూ రుచించని మాటలే.

ఇంతా చేసి ఈ ఇంజన్‌కి గ్యాస్కెట్ ఎంచుకోవడంలో మన ఇష్టానికి మిగిలేది కొంచెమే. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు బ్లాకు ముఖం దాటి కొంచెం పొడుచుకొస్తుంది. ఎంత వచ్చిందో డయల్ గేజ్ పెట్టి నాలుగు పిస్టన్లకీ కొలవాలి. 0.91 నుంచి 1.00 మిల్లీమీటరు దాకా అయితే అంచున ఒక చిల్లు ఉన్న గ్యాస్కెట్, మందం 1.45. అది దాటి 1.10 దాకా రెండు చిల్లులది, 1.53. ఆపైన 1.20 దాకా మూడు చిల్లులది, 1.61. ఇందులో నాకు నచ్చిన నియమం ఒకటుంది: సగటు తీయకూడదు. మూడు పిస్టన్లు ఒక చిల్లు లెక్కలో ఉండి, ఒక్కటి 1.02 చూపిస్తే, ఆ ఒక్కదాని కోసం నాలుగింటికీ రెండు చిల్లులదే. హెడ్డుకి తగిలేది సగటు పిస్టన్ కాదు మరి.

మాకు వచ్చిందీ అలాంటి కొలతే. కొట్టులో మూడు చిల్లులది సిద్ధంగా ఉంది. "ఒకటేనండీ, మందంగా ఉంటే టర్బోకి ఇంకా మంచిది, కంప్రెషన్ తగ్గుద్ది" అన్నాడు కొట్టతను. కాగితం మీద వేసి చూశాను. 0.08 మిల్లీమీటర్ల తేడాకి ఒక్కో సిలిండర్‌లో పెరిగేది 0.4 సీసీ. 19.5 ఉన్న కంప్రెషన్ నిష్పత్తి 19.2కి దిగుతుంది. విజయవాడ ఎండల్లో స్టార్టింగ్‌కి ఆ తేడా తెలియనే తెలియదు, నిజమే. కానీ బూస్టుకి జాగా చేయాలంటే అది పిస్టన్ గిన్నెలో చేయాల్సిన పని, గ్యాస్కెట్ లావుతో కాదు. పిస్టన్ అంచుకీ హెడ్‌కీ మధ్య ఉన్న సన్నని సందే గాలిని నొక్కి గిన్నెలోకి తోస్తుంది, డీజిల్ సరిగ్గా కలిసి మండేది ఆ తోపు వల్లే. ఆ సందు పెంచి సంపాదించేదేమీ లేదు.

రెండు చిల్లులది హైదరాబాదు నుంచి తెప్పించమన్నాం. హెడ్ బోల్టులు పదీ కొత్తవే. పాతవి బాగానే ఉన్నాయిగా అని మేస్త్రీ తీసి చూపించాడు కానీ, ఇవి ఒకసారి సాగే వరకు బిగించే రకం. 40 న్యూటన్ మీటర్లు, తర్వాత 60, ఆపైన పావు చుట్టు, మరో పావు చుట్టు. అలా సాగినదాన్ని రెండోసారి నమ్మలేం. ఇక తేలాల్సింది పాతది ఎందుకు పోయిందన్నదే. కాలిన మచ్చ మూడు, నాలుగు సిలిండర్ల మధ్య ఉంది. రేడియేటర్ విప్పించాం, థర్మోస్టాట్‌ను వేడినీళ్లలో వేసి చూడాలి, ఫ్యాను నేరుగా బ్యాటరీకి తగిలించి తిప్పి చూడాలి. రీమ్యాప్ తీయించే మాట బావతో మళ్లీ ఎత్తాలి.