గోడ తెరయు దాని వెలయు

గృహోపకరణముల విషయమున మనవారిలో రెండు తెగల వారు కలరు. వెల యధికమైనదే శ్రేష్ఠమని కొందఱును, తక్కువైనదే లాభమని కొందఱును తలంతురు. దీపములను, తలుపులను, కెమెరాలను ఒక్కచోటనుండి నడుపు టచ్ ప్యానెళ్లను మా యింటికొఱకు పరిశీలించినపుడు ఈ రెండు తలంపులును మా కక్కఱకు రాలేదు. పగటివేళ మా యింట నుండువారు వృద్ధురాలైన మా తల్లియు, వంటచేయు నామెయు మాత్రమే. వీథితలుపు తట్టినవారెవరో గడియ తీయకమునుపే వారికి తెలియవలయును. కావున వెలకంటె ముందుగా, తెరకు బొమ్మ యే మార్గమున వచ్చునని మేము విచారించితిమి.

పూర్వము క్రెస్ట్రాన్, ఏ.ఎం.ఎక్స్. కంపెనీల ప్యానెళ్లలో కొన్నిటికి కంపోజిట్ వీడియో ఇన్‌పుట్ ఉండెడిది. కెమెరా తీగ తిన్నగా తెరకు వచ్చుటచే బొమ్మ యాలస్యము లేక కనబడును. అయితే పాల్ పద్ధతిలోని 625 గీతలలో కంటి కగపడునవి 576 మాత్రమే. 1920 చుక్కల వెడల్పును 1080 చుక్కల యెత్తును గల నేటి బొమ్మలో అది యించుమించు ఐదవవంతు. మఱియు ఒక ఇన్‌పుట్టునకు ఒక కెమెరాయే. రెండవదానికి మార్పిడి పరికరమును వేఱుగా కొనవలయును.

నేటి ప్యానెళ్లు పెక్కు నెట్‌వర్కు కేబులుద్వారానే బొమ్మను గ్రహించును. 2003లో ప్రమాణమేర్పడిన పవర్ ఓవర్ ఈథర్నెట్ పద్ధతిచే ఆ కేబులే 100 మీటర్లవఱకు విద్యుత్తును గూడ అందించును. ఇందు ఎన్ని కెమెరాలు చూడవచ్చుననునది తీగల సంఖ్యను బట్టి కాక ప్యానెలు శక్తిని బట్టి యుండును. లోపములును గలవు. బొమ్మను కుదించి విప్పుటలో కొంత యాలస్యమగును. కెమెరా హెచ్.265 పద్ధతిని పంపగా ప్యానెలు హెచ్.264 మాత్రమే యెఱిగినదైనచో బొమ్మయే రాదు.

ఇక వెల మాట. ప్రత్యేక ప్యానెలు ధరకు తోడు ప్రోగ్రాము వ్రాయు డీలరు ప్రతిఫలము చేరును. కెమెరా మార్చినపుడు మరల నాతనిని పిలువవలసివచ్చును. 2013లో ఆరంభమైన హోమ్ అసిస్టెంట్ అను ఉచిత సాఫ్ట్‌వేరుతో సాధారణమైన టాబ్లెట్టును గోడకు బిగించినచో చాల తక్కువ సొమ్ముతో పని జరుగును. కాని యింట నొక్కరైనను దాని నేర్వవలయును. ఎల్లపుడు ఛార్జింగులో నుండుటచే బ్యాటరీ ఉబ్బకుండ కనిపెట్టియుండవలయును.

మేము ఈ కడపటి మార్గమునే యవలంబించితిమి. నేర్చినది మా కుమార్తె. తెరను మగవారి గదిలో గాక వంటయింటి గుమ్మము ప్రక్కను, మా తల్లి కన్నులకందు నెత్తున అమర్చితిమి. కెమెరా వీథివాకిటనే కాని యింటిలోపల పెట్టలేదు. పనిచేయువారిపై కావలి యుంచుట మా యుద్దేశము కాదు. కరెంటు పోయినను బొమ్మ నిలుచునట్లు కెమెరాను, నెట్‌వర్కు పెట్టెను, తెరను ఇన్వర్టరునకు కలిపితిమి.

కొనదలచిన గృహస్థులు ధర అడుగుటకు ముందు, మధ్యాహ్నము రెండు గంటలకు తమ యింటి తలుపు తీయువారెవరో యోచింతురు గాక. వారికి కనబడని తెర యెంత చౌకయైనను దండుగయే.