కోపం, నవ్వు, 43 టీఎంసీలు

కోపంలో ఉన్నప్పుడు తీర్పు చెప్పకూడదని పెద్దవాళ్ళు అంటారు. మరి నవ్వుతూ ఉన్నప్పుడు చెప్పొచ్చా?

2006లో వాల్డెసోలో, డెస్టెనో అనే ఇద్దరు సైకాలజిస్టులు దీన్నే పరీక్షించారు. కొందరికి ఐదు నిమిషాల కామెడీ వీడియో, మిగతావాళ్ళకి మామూలు డాక్యుమెంటరీ చూపించి ఒక ప్రశ్న అడిగారు. పట్టాల మీద ఉన్న ఐదుగురి మీదికి ట్రాలీ దూసుకొస్తోంది. బ్రిడ్జి మీదున్న ఒక లావుపాటి మనిషిని కిందికి తోస్తే అది ఆగుతుంది. తోసెయ్యొచ్చా? కామెడీ చూసినవాళ్ళలోనే "తోసెయ్యొచ్చు" అన్నవాళ్ళు ఎక్కువ.

ఇది చదవగానే నాకు మా సోమశిల గుర్తొచ్చింది. 2021 నవంబర్‌లో పెన్నాకి పెద్ద వరద వచ్చి, డ్యామ్ నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. నెల్లూరు దాకా ఏటి ఒడ్డు ఊళ్ళు మునిగాయి. పొలాల్లో ఇసుక మేటలు వేసింది. "నీళ్ళొదిలినోళ్ళకి మనసనేది ఉందా?" అని మా తాత ఇప్పటికీ అంటుంటాడు.

మొన్న లెక్క వేసి చూశాను. 5 లక్షల క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే సుమారు 43 టీఎంసీలు. సోమశిల మొత్తం కెపాసిటీయే 78. అప్పటికే అది దాదాపు నిండి ఉంది. గేట్లు ఎత్తకపోతే డ్యామ్‌కే ముప్పు. ఫోన్ చేసి తాతకి ఇదంతా చెప్పాను.

"లెక్క కరెక్టే రా. మరి నాలుగు రోజుల ముందు నుంచే ఎక్కువ వదిలి ఖాళీ పెట్టుకోవచ్చు గదా?" అన్నాడు.

ఆ ప్రశ్న నా లెక్కలో లేదు. అది హాస్టల్‌లో ఫ్యాన్ కింద కూర్చుని వేసిన లెక్క. నా మంచం కిందికి నీళ్ళు రాలేదు. తాత కోపం గేట్లెత్తినవాళ్ళకి అన్యాయమే చేసి ఉండొచ్చు, కానీ అడగాల్సిన ప్రశ్నని మాత్రం అదే పట్టుకుంది.

ఆ నవంబర్ 19నే ఎగువన కడప జిల్లాలో, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళలో ప్రాణాలు పోయాయి. అక్కడివాళ్ళ కోపాన్ని "ఎమోషనల్" అని పక్కన పెట్టేస్తే, కట్ట ఎందుకు తెగిందని అడిగేవాళ్ళే మిగలరు.

అందుకే ఎవరిది తప్పో చెప్పేముందు, అప్పటి నా మూడ్‌ని కూడా ఒక ఇన్‌పుట్‌గా రాసుకుంటున్నాను. కోపంగా ఉంటే లెక్కలు అడుగుతాను. మరీ కూల్‌గా ఉంటే, మునిగిన ఊరివాళ్ళని అడుగుతాను.