సావణం

కాగితంతో బొమ్మలు కట్టేవారికి కావలసినవి మూడంటారు: కత్తెర, జిగురు, ఓపిక. డెబ్భైకి దగ్గరపడిన నాలాంటివాడికి నాలుగోది కూడా కావాలి. అది పట్టు. నా వేళ్లు కాస్త వణుకుతాయి. జిగురు పూసిన మడతను ఆరేదాకా కదలకుండా పట్టుకోవడం వాటివల్ల కాదు.

మేముండేది మదురైలో. తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలును నేనూ మా మనుమరాలూ కలిసి దళసరి కాగితంతో కడుతున్నాం. పిల్ల బళ్లో చదివేది తమిళం, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గాని రాయలేదు. దానితో రోజుకో గంట తెలుగులో కబుర్లాడడానికి నాకు దొరికిన సాకు ఈ బొమ్మ. అందుచేత వేళ్లు మొరాయించాయని పని మానుకోలేను.

పనిముట్ల కోసం ఒక దుకాణానికి వెళ్లాం. బొమ్మల పనికని పెట్టెలో అమర్చిన సరంజామా ధర నా నెల మందుల ఖర్చంత ఉంది. ఇంటికొచ్చి మూలమూలా వెతికాం. బట్టలారేసే కొయ్య క్లిప్పులు డజను దొరికాయి. స్ప్రింగు ఊడదీసి, రెండు చెక్కలనూ వెనుదిప్పి మళ్లీ బిగిస్తే పొడవైన చదును మూతి వస్తుంది. గోడలు అతకడానికి అవి చాలు. చిన్న చిన్న మడతలకు ఆడవాళ్ల తలపిన్నులు సరిపోయాయి. జిగురు క్లిప్పుకు అంటకుండా మధ్యన పాలిథిన్ ముక్క పెట్టాలి. అంతే జాగ్రత్త.

చిక్కంతా చుట్టిన స్తంభాల దగ్గర వచ్చింది. సన్నని గొట్టంలోకి క్లిప్పు పోదు, వేలు అసలే పోదు. మందుల దుకాణంలో ఆర్టరీ ఫోర్సెప్స్ కొన్నాను. దానికి పళ్ల తాళం ఉంటుంది కనుక చెయ్యి తీసేసినా పట్టు సడలదు. కాని గరుకు మూతి కాగితం మీద గీతలు పెడుతుంది. సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు తొడిగితే గీతలు పడలేదు గాని, మూతి లావై లోపలికి దూరలేదు.

మా వీధి చివర నగలు చేసే ఆచారిగారున్నారు. ఆయనా మనవాడే. సంగతి విని, గూట్లోంచి పాతదొకటి తీసి, "ఈ సావణం తీసుకుపోండి సామీ, మూతి నున్నగా అరగదీసి ఇస్తాను" అన్నారు. యాభై ఇస్తే ఇరవై ఉంచుకుని మిగతాది పిల్ల చేతిలో పెట్టారు.

మా అమ్మ కాలిలో ముల్లు తీసేదాన్ని శ్రావణమనేది. ఆమె పోయాక ఆ మాట మా ఇంట్లో వినబడలేదు. ఇక్కడి తమిళ కంసాలులు సామణం అంటారని ఆచారిగారు చెప్పగానే పిల్ల మూడు మాటలూ వరసగా పలికి నవ్వింది. ఆ రాత్రి మూడింటినీ తన నోటుపుస్తకంలో రాసిపెట్టమంది. రాశాను. కింద తనూ చూసి రాసింది. "శ్ర" దగ్గర రెండుసార్లు చెరిపింది.

ఇప్పటికి పద్నాలుగు స్తంభాలు నిలబెట్టాం. ఇంతకంటె చవకైన ఉపాయం తెలిసిన పాఠకులెవరైనా ఉంటే దయచేసి రాయండి. మీ ఊళ్లో ఆ పనిముట్టును తెలుగులో ఏమంటారో కూడా రాయండి. నోటుపుస్తకంలో ఇంకా చాలా చోటుంది.